కేప్ టౌన్ అద్దె కారు: బండికి తొంభై మార్కులు, లెక్కలకు నలభై

తిరుపతిలో కారు అద్దెకు కావాలంటే మనం అడిగే మొదటి ప్రశ్న డ్రైవర్ గురించే. రైల్వే స్టేషన్ ఎదుటనో, బస్టాండు దగ్గరనో బండి మాట్లాడుకుని, కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు కలిపి ఒక ధర కుదుర్చుకుని, డ్రైవర్ బత్తా ఎంత, టోల్ ఎవరిది, పార్కింగ్ ఎవరిది అని ముందే తేల్చుకుంటే, ఇక మన పని వెనుక సీట్లో కూర్చోవడమే. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌన్‌కు చదువుకోవడానికి వెళ్లిన విద్యార్థికి ఈ అలవాటు పనికిరాదు. డ్రైవర్‌తో కూడిన కారు అక్కడా దొరుకుతుంది కాని, ఆ ధర విద్యార్థుల చేతికి అందదు. పర్యాటకుల బస్సులు ఉన్నాయి, అవి ఆగిన చోటే మనమూ ఆగాలి. అందుకే శని, ఆదివారాల్లో నలుగురు స్నేహితులు ఊరు దాటి వెళ్లాలనుకుంటే చివరికి అందరూ చేరేది సెల్ఫ్ డ్రైవ్ కారు దగ్గరికే.

కేప్ టౌన్ విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తున్న కాలంలో, ఒక సెప్టెంబరులో, శుక్రవారం సాయంత్రం తీసుకుని ఆదివారం రాత్రి తిరిగి అప్పగించిన అటువంటి ఒక కారు గురించి, దానిని అద్దెకు ఇచ్చిన సంస్థ గురించి ఈ సమీక్ష. ఇక్కడి నుంచి పిల్లలను అక్కడికి పంపుతున్న తల్లిదండ్రులు, వెళ్లబోతున్న విద్యార్థులు తరచుగా అడిగే విషయం కనుక కొంత వివరంగానే రాస్తున్నాను. సంస్థ పేరు మాత్రం చెప్పడం లేదు. దానితో నాకు ఒక పేచీ ఉంది, పైగా నేను చెప్పబోయే పద్ధతులు ఆ ఒక్క సంస్థకే పరిమితమైనవి కావు.

ముందుగా కాగితాల సంగతి. దక్షిణాఫ్రికాలో మనలాగే ఎడమవైపు నడుపుతారు, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. ఐరోపాకో, అమెరికాకో వెళ్లిన మనవారు మొదటి వారం పడే కంగారు ఇక్కడ ఉండదు. ఇంగ్లిషులో ఉండి, ఫొటో, సంతకం ఉన్న విదేశీ లైసెన్సును అక్కడ అంగీకరిస్తారు. అయినప్పటికీ అద్దె కౌంటర్‌లో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా చూపమని అడగడం మామూలే కాబట్టి, బయలుదేరే ముందే మన రవాణా శాఖ కార్యాలయంలో దానిని తీసుకుని వెళ్లడం మేలు. ఫారం 4ఏ, వెయ్యి రూపాయల రుసుము, పాస్‌పోర్టు, వీసా, లైసెన్సు నకళ్లు సరిపోతాయి. పర్మిట్ ఒక ఏడాది చెల్లుతుంది. అక్కడికి చేరిన తరువాత ఇక్కడి ఆఫీసు చుట్టూ ఇంట్లోవాళ్లను తిప్పడం కంటే, వీసా వచ్చిన వారంలోనే ఆ పని ముగించుకోవడం సుఖం.

అసలు ఇబ్బంది లైసెన్సు దగ్గర కాదు, క్రెడిట్ కార్డు దగ్గర. కారు ఎవరి పేరున తీసుకుంటే వారి పేరున్న క్రెడిట్ కార్డు మీదనే డిపాజిట్ మొత్తాన్ని బ్లాక్ చేస్తారు. విద్యార్థులు ఇక్కడి బ్యాంకులో తీసుకుని వెళ్లే ఫారెక్స్ కార్డునూ, డెబిట్ కార్డునూ చాలా సంస్థలు డిపాజిట్‌కు ఒప్పుకోవు. తండ్రి కార్డు నంబరు ఫోన్లో చదివించి పని కానిద్దామనుకుంటే అసలు కుదరదు. దీనికి తోడు ఇరవై అయిదేళ్ల లోపు డ్రైవర్లకు అదనపు రుసుము వేస్తారు, మరీ చిన్న వయసువారికి కారే ఇవ్వరు. మా నలుగురిలో ఈ రెండు గండాలూ దాటగలిగినవాడు పీహెచ్‌డీ చేస్తున్న పుత్తూరు అన్న ఒక్కడే. అతనికి అక్కడి బ్యాంకులో క్రెడిట్ కార్డు ఉంది, వయసూ ఉంది. మిగిలిన ముగ్గురం నేను, జింబాబ్వేలోని బులవాయో నుంచి వచ్చిన ఒక సహాధ్యాయి, డర్బన్‌లో పుట్టి పెరిగిన భారత సంతతి సహాధ్యాయిని.

కారును నగరంలోని శాఖలో కాకుండా విమానాశ్రయంలోని శాఖలో తీసుకున్నాం. విమానాశ్రయంలో తీసుకుంటే కొంత అదనంగా వసూలు చేస్తారన్నది నిజమే. కాని నగర శాఖ ఆదివారం తెరవదు, సోమవారం పొద్దున తిరిగి ఇస్తే మరో రోజు అద్దె పడుతుంది. రెండూ లెక్కవేస్తే విమానాశ్రయమే చవక. రోజు అద్దె విషయానికి వస్తే, తిరుపతిలో సెల్ఫ్ డ్రైవ్ చిన్న కారుకు అడిగేదానికీ దీనికీ పెద్ద తేడా లేదు. అక్కడి కరెన్సీ అయిన రాండును సుమారు అయిదు రూపాయలుగా వేసుకుని చూసిన మా అన్న, 'ఇంతేనా!' అని ఆశ్చర్యపోయాడు. ఆ ఆశ్చర్యం కౌంటర్ దగ్గర పావుగంట మాత్రమే నిలిచింది.

ఎందుకంటే అద్దె వేరు, ఒప్పందం వేరు. కారుకు ఏ దెబ్బ తగిలినా బీమా ముట్టుకునే ముందు మన జేబులోంచి పోయే మొత్తం ఒకటి ఉంటుంది, దానిని ఎక్సెస్ అంటారు. మాకు చవక ధర చూపిన ఒప్పందంలో అది ఇరవై వేల రాండ్లు, అంటే దాదాపు లక్ష రూపాయలు. రోజుకు కొంత ఎక్కువ చెల్లిస్తే అది బాగా తగ్గుతుంది, ఇంకొంత చెల్లిస్తే దాదాపు సున్నా అవుతుంది. అప్పుడు కూడా చక్రాలు, టైర్లు, ముందు అద్దం, కారు అడుగు భాగం ఆ రక్షణలోకి వస్తాయో రావో విడిగా చదువుకోవాలి. చాలా ఒప్పందాల్లో రావు. కంకర రోడ్డు మీద నడిపి బండి పాడుచేస్తే ఏ రక్షణా వర్తించదని చిన్న అక్షరాల్లో ఉంటుంది. కిలోమీటర్ల పరిమితి మరో చిక్కు. రోజుకు రెండు వందల కిలోమీటర్ల పథకం చవకగా కనిపిస్తుంది కాని, కేప్ ద్వీపకల్పం ఒక రోజు, ఆఫ్రికా ఖండపు దక్షిణపు కొస అయిన అగుల్హాస్ మరో రోజు వెళ్లి రావాలంటే దారి ఆరు వందలు దాటిపోతుంది. మేము పరిమితి లేని పథకమూ, మధ్యస్థంగా ఎక్సెస్ తగ్గించే రక్షణా, విడిగా టైర్లు, అద్దాల రక్షణా తీసుకున్నాం. అన్నీ కలిపితే మొదట చూసిన అద్దెకు దాదాపు రెట్టింపు తేలింది. విద్యార్థులు ఖర్చు తగ్గించుకోవాలనుకుంటే తిండిలో తగ్గించుకోవచ్చు, గదిలో తగ్గించుకోవచ్చు, ఇక్కడ మాత్రం తగ్గించకూడదన్నది నా అభిప్రాయం.

కౌంటర్‌లో ఉన్న ఉద్యోగిని ఇవన్నీ విసుక్కోకుండా చెప్పింది. ఆ విషయంలో సంస్థకు పూర్తి మార్కులు ఇవ్వాలి. చెప్పని విషయం ఒకటుంది. రెండవ డ్రైవర్‌గా నా పేరు చేర్చడానికి రుసుము ఉందని బుకింగ్ చేసినప్పుడు ఎక్కడా కనబడలేదు, సంతకం పెట్టే కాగితం మీద మాత్రం కనబడింది. ఆదివారం నాలుగు వందల కిలోమీటర్లకు పైగా ఒక్కరే నడపడం మంచిది కాదు కనుక గొణుక్కుంటూ చెల్లించాం. ఒప్పందంలో పేరు లేనివారు స్టీరింగ్ పట్టుకుంటే బీమా మొత్తం చెల్లకుండా పోతుంది కాబట్టి, 'ఎవరు చూడొచ్చారులే' అనే మన ధోరణి అక్కడ పెట్టుకోకూడదు.

ఇచ్చిన కారు కియా సోనెట్. దక్షిణాఫ్రికాలో అమ్మే సోనెట్లు మన పెనుకొండ దగ్గరి కర్మాగారం నుంచి ఓడల్లో వెళ్లినవే. రాయలసీమలో తయారైన బండిని అద్దెకు తీసుకోవడానికి ఇంత దూరం రావాలా అని అన్న నవ్వాడు కాని, తెలిసిన బండి కావడం ఎంతో కలిసివచ్చింది. క్లచ్, గేర్లు, లైట్ల మీటలు ఎక్కడ ఉంటాయో వెతుక్కోవలసిన పని పడలేదు. ఓడోమీటరు చూస్తే బండి కొత్తదనే చెప్పాలి. టైర్లు బాగున్నాయి, డిక్కీలో స్టెప్నీ, జాకీ, త్రికోణపు హెచ్చరిక పలక ఉన్నాయి. నలుగురికీ, నాలుగు చేతిసంచులకూ, పులిహోర డబ్బాకూ చోటు సరిపోయింది. ఏసీ బాగా పనిచేసింది. వెనుక కూర్చున్నవారు కూడా సీటు బెల్టు పెట్టుకోవాలన్నది అక్కడి చట్టం; తిరుపతిలో వెనుక సీట్లో బెల్టు అనేది ఒకటుందని కూడా గుర్తురాని నాకు మొదటి గంట కాస్త ఇబ్బందిగా అనిపించింది.

అప్పగించే కుర్రవాడు కారు చుట్టూ తిరిగి, కాగితం మీద గీసి ఉన్న కారు బొమ్మపై రెండు మూడు చోట్ల గుర్తులు పెట్టి సంతకం చేయమన్నాడు. విమానాశ్రయం పార్కింగ్‌లో వెలుతురు తక్కువ. మా డర్బన్ మిత్రురాలు ఇటువంటి వ్యవహారాల్లో ఆరితేరినది. ఫోన్ టార్చి వేసి నాలుగు చక్రాల రిమ్ములు, బంపర్ల అడుగు భాగం, అద్దాలు, పైకప్పు, చివరికి ఇంధనపు ముల్లు కూడా ఒకే వీడియోలో తీసింది. ముందు ఎడమ చక్రం రిమ్ము మీద వేలెడు గీత ఉంది, కాగితం మీద లేదు. ఆ కుర్రవాడు 'పరవాలేదు, అది పాతదే' అన్నాడు. ఆమె ఒప్పుకోక, ఆ మాటను కాగితం మీద రాయించింది. దాని విలువ తరువాత తెలిసింది.

శనివారం పొద్దున కేప్ టౌన్‌లోని రాండబోష్ నుంచి బయలుదేరి, మ్యూజెన్‌బర్గ్, కాక్ బే మీదుగా ఫాల్స్ బే తీరం వెంట సైమన్స్ టౌన్ చేరాం. దారి వెడల్పు తక్కువ, ఒకవైపు రైలు పట్టాలు, ఆ పక్కనే సముద్రం. సైమన్స్ టౌన్ నౌకాదళ స్థావరం. దానిని దాటగానే బోల్డర్స్ బీచ్ వస్తుంది. అక్కడ ఆఫ్రికన్ పెంగ్విన్లు 1980ల మొదట్లో రెండు జంటలతో స్థిరపడి పెరిగాయి. ఈ జాతి మొత్తం మీద మాత్రం వేగంగా తరిగిపోతోంది. 2024లో దీనిని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల పట్టికలో చేర్చారు. కారు సమీక్షలో పెంగ్విన్ల ప్రస్తావన ఎందుకంటే, అక్కడి పార్కింగ్‌లో బండి కదిపే ముందు కింద పెంగ్విన్లు ఉన్నాయేమో చూసుకోమని బోర్డులు పెట్టారు. మా అన్న మోకాళ్ల మీద కూర్చుని నాలుగు చక్రాల వెనుకా చూశాడు. ఏమీ లేదు, పక్క కారు నీడలో మాత్రం ఒకటి నిలబడి మమ్మల్ని చూస్తోంది. ఆ కారువాళ్లు తిరిగి వచ్చేవరకు మేము కదలలేదు.

అక్కడి నుంచి కేప్ ఆఫ్ గుడ్ హోప్. ఇది టేబుల్ మౌంటెన్ జాతీయ ఉద్యానంలో భాగం, గేటు దగ్గర ప్రవేశ రుసుము ఉంటుంది. దక్షిణాఫ్రికా పౌరులకు ఒక ధర, పొరుగు ఆఫ్రికా దేశాల కూటమివారికి ఒక ధర, మిగిలిన విదేశీయులకు అన్నిటికంటే ఎక్కువ ధర. ఒకే కారులో కూర్చున్న మా నలుగురికి మూడు రకాల టికెట్లు పడ్డాయి. అందరికంటే తక్కువ చెల్లించిన మా డర్బన్ మిత్రురాలి ముత్తాతలు పాత ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వెళ్లినవారు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో ఓడ డర్బన్ చేరింది మొదలు 1911 వరకు నాటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీల్లో ఆ జిల్లావారు చాలామంది. ఆ ఉత్తర ఆర్కాటులోని తాలూకాలను విడదీసి చిత్తూరు జిల్లాను ఏర్పరచినది కూడా 1911లోనే. పుత్తూరు అన్నకూ ఆమెకూ ఊళ్ల లెక్కన మహా అయితే ఒక పూట ప్రయాణం దూరం ఉండవచ్చు. టికెట్ ధరలో మాత్రం చాలా దూరం ఉంది. కారు అద్దె లెక్కలు వేసుకునేవారు ఈ ప్రవేశ రుసుములను కూడా విడిగా వేసుకోవాలి, విదేశీ విద్యార్థికి ఇవి తక్కువేమీ కావు.

లోపల అందరూ ఫొటో దిగే బోర్డు దగ్గర వరుస కట్టి నిలబడతారు. అది ఆఫ్రికా ఖండపు నైరుతి కొస. దక్షిణపు కొస అనుకుని వచ్చేవారు చాలామంది ఉన్నారు, ఆ కొస ఇంకా తూర్పున, ఆగ్నేయంగా సుమారు నూట యాభై కిలోమీటర్ల దూరంలో ఉంది. 1488లో పోర్చుగీసు నావికుడు డయాస్, 1497లో మన కోళికోడ్ దారి పట్టిన వాస్కో డ గామా చుట్టివచ్చినది ఈ అంచునే. కేప్ పాయింట్ కొండ మీద 1859 నాటి దీపస్తంభం ఉంది. దానిని మరీ ఎత్తులో కట్టడంతో పొగమంచు కమ్మినప్పుడు ఓడలకు వెలుగు కనిపించేది కాదు. 1911లో లూసిటానియా అనే పోర్చుగీసు ఓడ అక్కడి బండలకు కొట్టుకున్న తరువాత, చాలా కిందగా మరో దీపస్తంభం కట్టి 1919లో వెలిగించారు. పైకి నడవలేనివారికి తీగతో లాగే చిన్న రైలు ఉంది. నడవడానికి పెద్ద దూరం లేదు, అలిపిరి మెట్లు ఎక్కినవారు దానికి డబ్బు పెట్టనక్కరలేదు.

ఇక్కడ కారుకు రెండు ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది గాలి. తలుపు కొద్దిగా తెరిస్తే చాలు, గాలి లాక్కుని బయటికి విరిచేయగలదు. తలుపు కీలు వంగితే ఆ ఖర్చు మనదే కాబట్టి, బండిని గాలికి ఎదురుగా నిలిపి, తలుపును రెండు చేతులతో పట్టుకుని దిగాలి. రెండవది బబూన్లు. తిరుమల కోతులు కొబ్బరి చిప్ప లాక్కుని పోతాయి, అంతటితో సరి. ఈ బబూన్లకు కారు తలుపు తెరవడం వచ్చు. మా కళ్ల ముందే ఒక పెద్ద మగది మా కారు వెనుక తలుపు దగ్గరికి వచ్చి, పిడిని చేత్తో పట్టి లాగింది. తాళం పడి ఉంది. ఒక క్షణం ఆగి, ముందు తలుపు పిడిని కూడా లాగి చూసి, తరువాత పక్క బండికి వెళ్లింది. లోపల పులిహోర డబ్బాను ఒడిలో పట్టుకుని కూర్చున్న బులవాయో మిత్రుడు ఆ కాసేపు ఊపిరి కూడా తీయలేదు. ఈ సంస్థ కారులో బండి కదలగానే తాళాలు వాటంతట అవే పడతాయి, ఆగి ఉన్నప్పుడు మనమే వేసుకోవాలి. వాటికి తిండి పెట్టడం అక్కడ నేరం.

తిరుగు ప్రయాణంలో స్కార్బరో, కొమెట్కీ, నూర్ధుక్ మీదుగా చాప్‌మన్స్ పీక్ దారి పట్టాం. ఈ వారాంతంలో నేను ఎక్కువగా చెప్పదలచినది ఈ తొమ్మిది కిలోమీటర్ల గురించే. నూర్ధుక్ నుంచి హౌట్ బే వరకు కొండ రాతిని తొలిచి, 1915లో మొదలుపెట్టి 1922లో పూర్తిచేసిన దారి ఇది, మలుపులు 114. బండరాయి పడి ఒకరు చనిపోయిన తరువాత 2000 జనవరిలో దీనిని మూసివేసి, కొండ వాలున ఉక్కు వలలు బిగించి, ఒకచోట పైన రాతి కప్పు ఉండి సముద్రం వైపు తెరిచి ఉండే సగం సొరంగం నిర్మించి, 2003 చివరలో టోల్ రోడ్డుగా తిరిగి తెరిచారు. తిరుమల రెండవ ఘాట్‌లో 2021 డిసెంబరులో బండరాళ్లు జారిపడి దారి మూసుకుపోయిన రోజులు చూసిన మనకు ఆ వలల అవసరం ఎవరూ చెప్పనక్కరలేదు. వాన ఎక్కువైనా, రాళ్లు జారే సూచన ఉన్నా దారిని వెంటనే మూసివేస్తారు కాబట్టి, బయలుదేరే ముందు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

అన్నకూ నాకూ కొండదారి కొత్త కాదు. ఘాట్ రోడ్డు మీద బండి నడపడం నేర్చుకున్నవాళ్లమే. అయితే మన ఘాట్‌కూ దీనికీ ఒక తేడా ఉంది. తిరుమలకు 1944లో తెరిచిన మొదటి ఘాట్ దిగడానికి, 1974లో వచ్చిన రెండవ ఘాట్ ఎక్కడానికి. మలుపు తిరిగితే ఎదురుగా వాహనం వస్తుందన్న ఆలోచనే మనకు ఉండదు. నిర్ణీత సమయానికి ముందే చేరితే జరిమానా పడుతుంది కాబట్టి తొందర కూడా ఉండదు. చాప్‌మన్స్ పీక్ మీద రెండు వైపులా వాహనాలు నడుస్తాయి, శనివారం అయితే సైకిళ్ల గుంపులు కూడా ఉంటాయి. మలుపులో లోపలికి కోసుకుని తిప్పే మన చేతి అలవాటును అన్న మొదటి కిలోమీటరులోనే మానుకున్నాడు. రెండవ గేరులో, హారన్ ముట్టుకోకుండా, సైకిల్ వెనుక సైకిల్ వేగంతోనే నడిపాడు. వెనుక అయిదారు కార్లు చేరినా ఒక్కరూ హారన్ కొట్టలేదు.

వెళ్లదలచినవారు నూర్ధుక్ వైపు నుంచి హౌట్ బేకు రావాలని నా సలహా. ఎడమవైపు నడిపే దేశం కనుక అలా వస్తే మన వరుస సముద్రం అంచునే ఉంటుంది. బండి ఆపుకునే చోట్లు కూడా అటే ఉన్నాయి, ఎదురు వాహనాలను తప్పించుకుని రోడ్డు దాటనక్కరలేదు. టోల్ గేటు హౌట్ బే వైపు చివరలో వస్తుంది. సాయంత్రం నాలుగు దాటితే వెలుగు నేరుగా కొండ మీద పడి, ఇసుకరాతి పొరలు ఎర్రగా, వాటి కింద గ్రానైటు బూడిదరంగులో, రెండూ విడివిడిగా కనిపిస్తాయి. దారి సరిగ్గా ఆ రెండు రాళ్లూ కలిసే గీత మీదుగానే సాగుతుంది. ఎన్ని ఫొటోలు తీసినా ఆ గీత మాత్రం ఫొటోలో రాలేదు. పర్యాటకుల బస్సులో వచ్చి ఉంటే ఒకచోట పది నిమిషాలు ఆపేవారు; మేము ఇష్టమైన చోటల్లా ఆగాం. కారు అద్దెకు పెట్టిన డబ్బులో సగం ఆ ఒక్క సాయంత్రానికే చెల్లిపోయిందని నా లెక్క.

ఆదివారం గురించి కొంత త్వరగా చెప్పవచ్చు. గోర్డన్స్ బే నుంచి తీరం వెంట హెర్మనస్ చేరి, ఒడ్డు రాళ్ల మీద నిలబడి తిమింగలాలను చూశాం. జూన్ నుంచి నవంబరు వరకు సదరన్ రైట్ తిమింగలాలు పిల్లలతో ఆ అఖాతంలోకి వస్తాయి. పడవ టికెట్ కొననక్కరలేదు, ఒడ్డు నుంచే బాగా కనిపిస్తాయి. అక్కడి నుంచి నేపియర్, బ్రేడస్‌డార్ప్ మీదుగా అగుల్హాస్ వరకు దారి తిన్నగా, ఖాళీగా ఉంటుంది. సెప్టెంబరులో రెండు వైపులా కనోలా అనే నూనెగింజల పంట పసుపుపచ్చని చేలు, పచ్చని గోధుమ, వాటి మధ్య ఆ దేశపు జాతీయ పక్షి అయిన నీలి కొంగల జంటలు కనిపిస్తాయి. ఖండపు దక్షిణపు కొస 34 డిగ్రీల 50 నిమిషాల దక్షిణ అక్షాంశం దగ్గర ఉంది. అట్లాంటిక్, హిందూ మహాసముద్రాల హద్దు ఇక్కడే అని రాతి ఫలకం మీద రాసి పెట్టారు. 1849 నాటి దీపస్తంభం పక్కన తెచ్చుకున్న పులిహోర తిన్నాం. నిమ్మ పులిహోర కాకుండా చింతపండు పులిహోరే కలుపుకుని తీసుకువెళ్లడం మంచిది, రెండవ రోజుకు రుచి పెరుగుతుంది. చింతపండు, ఆవాలు, ఎండుమిరపకాయలు కేప్ టౌన్‌లో భారతీయులు ఎక్కువగా ఉండే రైలాండ్స్ ప్రాంతపు దుకాణాల్లో దొరుకుతాయి.

ఈ తిన్నటి దారిలోనే కారు గుణం బాగా తెలిసింది. ఊళ్లలో గంటకు 60, బయట 100, పెద్ద రహదారి మీద 120 కిలోమీటర్లు పరిమితి. నూరు మీద గంటల తరబడి నడిపినా సోనెట్ అదరలేదు. పెద్ద లారీలు ఎదురైనప్పుడు పక్కగాలికి కొద్దిగా ఊగడం తప్ప ఫిర్యాదు లేదు. కొన్ని రహదారుల మీద రెండు చోట్ల కెమెరాలు పెట్టి సగటు వేగాన్ని లెక్కగడతారు కాబట్టి, కెమెరా చూసి బ్రేకు వేసే తెలివి అక్కడ పనిచేయదు. జరిమానా సంస్థకు వెళితే, దానిని మనకు మళ్లించినందుకు సంస్థ విడిగా రుసుము తీసుకుంటుంది. నడిపేటప్పుడు ఫోన్ చేతిలో కనిపిస్తే కేప్ టౌన్ నగర పోలీసులు ఫోన్‌నే స్వాధీనం చేసుకుంటారు. పెట్రోల్ బంకుల్లో మనలాగే మనుషులు ఉండి నింపుతారు, ముందు అద్దం కూడా తుడుస్తారు, అయిదు రాండ్లు చేతిలో పెట్టడం మర్యాద. పార్కింగ్‌లో పసుపు జాకెట్టు వేసుకుని బండిని చూసుకునేవారికీ అంతే. పెట్రోల్ ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ప్రతి నెలా మొదటి బుధవారం మారుతుంది, అందువల్ల ఏ బంకు చవక అని వెతకడం దండగ.

చీకటి పడకముందే సర్ లౌరీస్ పాస్ దిగి నగరం చేరాలని ముందే అనుకున్నాం. రాత్రి వేళ విమానాశ్రయం పరిసరాల్లో ఫోన్ మ్యాపు చూపే అడ్డదారుల్లోకి దిగవద్దని, పెద్ద రహదారిని వదలవద్దని కౌంటర్‌లోనే చెప్పారు. ఆ హెచ్చరికను తేలికగా తీసుకోకూడదు. సీట్ల మీద సంచి గాని, ఫోన్ గాని కనిపించేలా వదిలి వెళ్లకూడదు, సిగ్నల్ దగ్గర కూడా అద్దాలు ఎత్తే ఉంచాలి.

తిరిగి అప్పగించడం అయిదు నిమిషాల్లో అయిపోయింది. పెట్రోల్ నిండుగా ఉందని చూశారు, తాళం తీసుకున్నారు, చిరునవ్వుతో పంపారు. నాలుగు రోజుల తరువాత అన్న కార్డు మీద కొంత మొత్తం కోసుకున్నట్టు సందేశం వచ్చింది: ముందు ఎడమ చక్రం రిమ్ము మీద గీతకు మరమ్మతు ఖర్చు, దాని మీద నష్టం అంచనా వేసినందుకు మరో రుసుము. వీడియోనూ, కుర్రవాడు రాసి సంతకం పెట్టిన కాగితాన్నీ పంపించాం. మొదటి జవాబు ఎవరో యంత్రంలా రాసినట్టుంది, రెండవ జవాబు రావడానికి వారం పట్టింది, మరమ్మతు సొమ్ము తిరిగి రావడానికి ఇంకా కొన్ని వారాలు పట్టింది. అంచనా రుసుమును మాత్రం మళ్లీ విడిగా అడిగించుకుని గాని ఇవ్వలేదు. తప్పు తమదని ఒప్పుకున్న తరువాత కూడా ఆ చిన్న మొత్తాన్ని పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చలేదు. అన్నది అక్కడి బ్యాంకు కార్డు కాబట్టి సరిపోయింది. మన దేశపు కార్డు అయి ఉంటే, కోసినప్పుడు ఒక మారకపు ధర, తిరిగి ఇచ్చినప్పుడు మరో ధర పడి, ఆ తేడా కూడా మనమే భరించవలసి వచ్చేది. బండికి తొంభై మార్కులు వేసిన నేను లెక్కల విభాగానికి నలభై దాటనివ్వకపోవడానికి కారణం ఇదే.

అయినా మరోసారి వెళితే అదే సంస్థ దగ్గర తీసుకుంటాను. బండ్లు బాగుంటాయి, దారి మధ్యలో బండి ఆగితే పిలిచే నంబరు రాత్రి కూడా పలుకుతుంది. మ్యూజెన్‌బర్గ్ దగ్గర టైరు గాలి హెచ్చరిక దీపం వెలిగినప్పుడు ఫోన్ చేస్తే, దగ్గరి బంకు ఎక్కడుందో, ఎంత గాలి పట్టించాలో వెంటనే చెప్పారు. అప్పగించేటప్పుడు మాత్రం, ఎంత రాత్రయినా సరే, ఉద్యోగిని పక్కన నిలబెట్టుకుని మరో వీడియో తీసి, కొత్త దెబ్బలు లేవని కాగితం మీద రాయించుకుని గాని కదలను.

తల్లిదండ్రులు చూడటానికి వస్తే నలుగురైదుగురికి ఈ సైజు కారు చాలదు, పెద్ద బండి తీసుకోవాలి. పెద్దవాళ్లతో అగుల్హాస్ ఒక్క రోజులో వెళ్లి రావడం కష్టం, హెర్మనస్‌తో ఆపుకోవడం మంచిది. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ వేసవి సెలవులు కాబట్టి అద్దెలు బాగా పెరుగుతాయి, ఆగ్నేయపు గాలి కూడా అప్పుడే ఎక్కువ. తిమింగలాలు, కనోలా పూత, తట్టుకోగలిగిన అద్దె మూడూ కావాలనుకునేవారు ఆగస్టు చివర, సెప్టెంబరు నెలల్లో వెళ్లాలి. జూన్, జులై నెలల్లో అక్కడ వానాకాలం, చాప్‌మన్స్ పీక్ మూతపడే రోజులు ఎక్కువ.